స్ప్రింగ్ బూట్ యాప్ లేచేటప్పుడు ఏ పని ఎక్కడ పెట్టాలి?

జావా యాప్‌లు రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్‌లో యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు మన కోడ్ నడిపించుకోవడానికి దారులకు కొదవ లేదు. కన్‌స్ట్రక్టర్, పోస్ట్‌కన్‌స్ట్రక్ట్, స్మార్ట్ ఇనిషియలైజింగ్ సింగిల్టన్, స్మార్ట్ లైఫ్‌సైకిల్, కాంటెక్స్ట్ రిఫ్రెష్డ్ ఈవెంట్, అప్లికేషన్ రన్నర్, అప్లికేషన్ రెడీ ఈవెంట్. ఇవి చాలవన్నట్టు లేజీ ఒకటి. చిక్కేమిటంటే మన లాప్‌టాప్‌లో ఏది పెట్టినా పని చేసేస్తుంది. అక్కడ నడిచేది ఒక్కటే కాపీ, వాడేది మనమొక్కళ్లమే, డేటాబేస్ కూడా పక్కనే ఉంటుంది. అందుకే కోడ్ రివ్యూలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ముందు రాసినవాళ్లు పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ వాడి ఉంటే మనమూ అదే కాపీ చేసి పెట్టేస్తాం.

నేనైతే యానొటేషన్ జోలికి వెళ్లేముందు ఒక్కో పనినీ మూడు ప్రశ్నలు అడుగుతాను. అది ఫెయిలైతే యాప్ లేవకుండా ఆగిపోవాలా, ఆ పని జరగకపోయినా నడవాలా? మొదటి రిక్వెస్టో మొదటి మెసేజో వచ్చేలోపు అది పూర్తి కావాల్సిందేనా? ప్రతి పాడ్‌లోనూ (క్యూబర్నెటీస్ నడిపే యాప్ కాపీ ఒక్కోదానిలోనూ) జరగాలా, మొత్తానికి ఒక్కసారి జరిగితే సరిపోతుందా? వీటికి జవాబులు దొరికితే పైన చెప్పిన దారుల్లో సగం వాటంతట అవే పక్కకు పోతాయి.

ఉదాహరణకి డబ్బు బదిలీ చేసే ఒక సర్వీసును తీసుకుందాం. యాప్ లేచేటప్పుడు దానిలో ఆరు పనులు జరగాలి. డేటాబేస్ టేబుళ్లను కొత్త వెర్షన్‌కు మార్చాలి. కాన్ఫిగరేషన్‌లో రహస్య కీ ఉందో లేదో చూడాలి. ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌ల పట్టికను డేటాబేస్ నుంచి మెమరీలోకి ఎక్కించాలి. ఎస్‌ఎంఎస్ గేట్‌వేకి లాగిన్ అయి టోకెన్ తెచ్చుకోవాలి. మెసేజ్‌లు అటూ ఇటూ చేరవేసే కాఫ్కా నుంచి చెల్లింపు మెసేజ్‌లు అందుకోవడం మొదలుపెట్టాలి. కొత్త వెర్షన్ లేచిందని టీమ్‌కు మెయిల్ పంపాలి. వీటిలో ఏ రెండిటి స్వభావమూ ఒకటి కాదు. అయినా ఆరింటినీ పోస్ట్‌కన్‌స్ట్రక్ట్‌లోనే పెట్టిన ప్రాజెక్టులు బోలెడు.

ముందు వరస తెలియాలి

ఒక్కో బీన్‌కు (స్ప్రింగ్ తయారుచేసి చూసుకునే ఆబ్జెక్టుకు) ముందు కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది, తర్వాత మిగతా డిపెండెన్సీలు అందుతాయి, ఆ తర్వాత పోస్ట్‌కన్‌స్ట్రక్ట్, దాని వెనక ఆఫ్టర్ ప్రాపర్టీస్ సెట్, ఆపైన ఇనిట్ మెథడ్. ఇవన్నీ అయ్యాకే ఆ బీన్ చుట్టూ ప్రాక్సీ, అంటే ట్రాన్సాక్షన్, క్యాష్ లాంటివి చూసుకునే పైపొర, వస్తుంది. సింగిల్టన్ బీన్లన్నీ (యాప్‌లో ఒక్కటే కాపీ ఉండేవి) తయారయ్యాక స్మార్ట్ ఇనిషియలైజింగ్ సింగిల్టన్ వంతు. తర్వాత లైఫ్‌సైకిల్ బీన్లు ఫేజ్ నంబర్ల ప్రకారం స్టార్ట్ అవుతాయి. ఇప్పటి వెర్షన్లలో వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ పోర్టు తెరుచుకునేది ఈ దశలోనే. కాఫ్కా లిజనర్లు మెసేజ్‌లు లాగడం మొదలుపెట్టేదీ ఇక్కడే. ఆ తర్వాత కాంటెక్స్ట్ రిఫ్రెష్డ్ ఈవెంట్, అప్లికేషన్ స్టార్టెడ్ ఈవెంట్, రన్నర్లు, అప్లికేషన్ రెడీ ఈవెంట్ వరసగా వస్తాయి. అన్నిటికంటే చివర రెడీనెస్ స్థితి 'ట్రాఫిక్ తీసుకుంటాను' అని మారుతుంది. ఈ రెడీనెస్ (ట్రాఫిక్‌కు సిద్ధమా), లైవ్‌నెస్ (యాప్ బతికే ఉందా) స్థితులు 2020లో వచ్చిన బూట్ 2.3 నుంచి ఉన్నాయి.

ఈ వరసలో చాలామంది గమనించనిది పోర్టు ఎప్పుడు తెరుచుకుంటుందన్నది. రన్నర్లు మొదలయ్యేసరికే పోర్టు తెరిచి ఉంటుంది. అంటే టిఫిన్ సెంటర్ షట్టర్ ఎత్తేశాక లోపల పిండి రుబ్బుతున్నట్టు. దీని పర్యవసానం కిందకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

పోస్ట్‌కన్‌స్ట్రక్ట్: వాడాల్సింది తక్కువ, వాడేది ఎక్కువ

కాన్ఫిగరేషన్ సరిచూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. రహస్య కీ ఖాళీగా ఉంటే అక్కడే ఎక్సెప్షన్ విసిరేయండి, యాప్ లేవదు, డిప్లాయ్‌మెంట్ ఆగిపోతుంది, పాత పాడ్‌లు నడుస్తూనే ఉంటాయి. కన్‌స్ట్రక్టర్‌లోనే చూడగలిగితే ఇంకా మంచిది, టెస్ట్ రాయడమూ తేలిక. చేతిలో ఉన్న విలువలతో ఒక మ్యాప్ కట్టుకోవడం, ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కంపైల్ చేసి పెట్టుకోవడం లాంటివి కూడా ఇక్కడ చేసుకోవచ్చు.

బయటి ప్రపంచంతో మాట్లాడాల్సిన పని వస్తే మాత్రం ఇక్కడ కాళ్లకు అడ్డం పడేవి మూడున్నాయి.

మొదటిది ప్రాక్సీ. పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ నడిచేసరికి ఆ బీన్‌కు ప్రాక్సీ ఇంకా రాలేదు. కాబట్టి ఆ మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని రాసినా ట్రాన్సాక్షన్ తెరుచుకోదు. ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం. నాలుగు టేబుళ్లలో డేటా వేసే కోడ్ మూడోదాని దగ్గర పడిపోతే మొదటి రెండూ అలాగే కమిట్ అయి ఉంటాయి. ట్రాన్సాక్షన్ కావాల్సిందే అనుకుంటే ట్రాన్సాక్షన్ టెంప్లేట్‌తో చేతితో తెరుచుకోవాలి.

రెండోది క్యాష్. క్యాషబుల్ అని రాసిన మెథడ్‌ను వేరే బీన్ పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ నుంచి పిలిచి 'క్యాష్ వేడెక్కించాం' అనుకునేవాళ్లున్నారు. స్ప్రింగ్‌లో క్యాష్ ఇంటర్‌సెప్టర్ పని మొదలుపెట్టేదే సింగిల్టన్లన్నీ తయారయ్యాక. అప్పటిదాకా పిలుపులు నేరుగా అసలు మెథడ్‌కే పోతాయి, ఫలితం క్యాష్‌లో చేరదు. వేడెక్కించిందంతా వృథా. మొదటి యూజర్‌కి మళ్లీ అదే నిదానం.

మూడోది లాక్. పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ నడిచేటప్పుడు కంటైనర్ సింగిల్టన్ తయారీ లాక్ పట్టుకుని ఉంటుంది. అక్కడ కొత్త థ్రెడ్ మొదలుపెట్టి, ఆ థ్రెడ్ ఇంకో బీన్‌ను అడిగి, మనం ఆ థ్రెడ్ పూర్తయ్యేదాకా ఎదురుచూస్తే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. లాగ్‌లో ఏమీ ఉండదు, యాప్ అలా బిగుసుకుపోతుంది. థ్రెడ్ డంప్ తీస్తే తప్ప కారణం తెలియదు. స్ప్రింగ్ 6.2లో ఈ లాకింగ్‌ను కొంత సడలించారు. అయినా ఇక్కడ ఖరీదైన పనులు పెట్టొద్దని స్ప్రింగ్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

ఇంకొకటి: బీన్ల మీద ఆర్డర్ అని నంబర్లు రాస్తే పోస్ట్‌కన్‌స్ట్రక్ట్‌లు ఆ వరసలో నడుస్తాయనుకోవడం పొరపాటు. బీన్ల తయారీ వరసను నిర్ణయించేది డిపెండెన్సీలూ, డిపెండ్స్ ఆన్ యానొటేషనూ. ఆర్డర్ రన్నర్లకు పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు.

స్టాటిక్ బ్లాక్‌లో పెట్టే అలవాటు కూడా ఇంకా పోలేదు. అందులో ఎక్సెప్షన్ వస్తే మొదటిసారి ఎక్సెప్షన్ ఇన్ ఇనిషియలైజర్ ఎర్రర్ వస్తుంది, రెండోసారి నుంచి నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్ వస్తుంది. లాగ్‌లో కనపడేది ఎక్కువగా రెండోదే కాబట్టి జనం జార్ ఫైలు లేదేమోనని క్లాస్‌పాత్ అంతా వెతుకుతారు. ఎప్పటికీ మారని స్థిరాంకాలకు తప్ప స్టాటిక్ బ్లాక్ వద్దు.

ఐఎఫ్‌ఎస్‌సి పట్టిక ఎక్కడ పెట్టాలి

ఇదే అసలు పరీక్ష. ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి ఆరూ బ్రాంచివి. దేశంలోని బ్రాంచీలన్నీ కలిపితే లక్షకు పైగా వరసలు. ప్రతి బదిలీకి డేటాబేస్‌ను అడగకుండా మెమరీలో పెట్టుకోవడం సబబే. ఈ పట్టిక లేకుండా మన సర్వీసు ఒక్క బదిలీ కూడా సరిచూడలేదు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: ఫెయిలైతే యాప్ లేవకూడదు. రెండోదానికి: మొదటి రిక్వెస్ట్ కంటే ముందే ఉండాలి.

చాలామంది దీన్ని అప్లికేషన్ రన్నర్‌లో పెడతారు. వెబ్ రిక్వెస్టుల వరకూ, క్యూబర్నెటీస్‌లో రెడీనెస్ ప్రోబ్‌ను (యాప్ సిద్ధమా అని అది అప్పుడప్పుడూ అడిగే ప్రశ్నను) బూట్‌లో యాప్ స్థితి చెప్పే యాక్చువేటర్ రెడీనెస్ దారికి కట్టి ఉంటే ఇది బాగానే నడుస్తుంది. రన్నర్ పూర్తయ్యేదాకా రెడీనెస్ రాదు, అప్పటిదాకా ట్రాఫిక్ రాదు. కానీ ప్రోబ్‌ను 'పోర్టు తెరుచుకుందా' అని మాత్రమే చూసేలా పెట్టి ఉంటే? లేదా క్యూబర్నెటీస్ లేకుండా, ముందు ఎన్‌జిన్ఎక్స్ పెట్టి వెనక రెండు సర్వర్లు నడుపుతుంటే? పోర్టు తెరిచిన క్షణం నుంచి రిక్వెస్టులు వచ్చిపడతాయి. పట్టిక ఖాళీ. 'ఈ ఐఎఫ్‌ఎస్‌సి చెల్లదు' అని నిక్షేపంలాంటి కోడ్‌ను తిప్పి పంపేస్తాం.

సరే, ప్రోబ్ సరిచేశాం అనుకోండి. కాఫ్కా సంగతేంటి? కాఫ్కాకు రెడీనెస్‌తో పని లేదు. లిజనర్ కంటైనర్లు లైఫ్‌సైకిల్ దశలోనే లేస్తాయి, అంటే రన్నర్ మొదలుకాకముందే మెసేజ్‌లు చేతిలోకి వస్తుంటాయి. అంతకుముందు వెర్షన్ దిగిపోయినప్పుడు టాపిక్‌లో పేరుకున్నవన్నీ ఒక్కసారిగా వస్తాయి. రన్నర్ పట్టిక నింపే ఆ కొన్ని సెకన్లలో వచ్చిన చెల్లింపులన్నీ తిరస్కరణకు గురవుతాయి, ఆఫ్‌సెట్ (ఎక్కడిదాకా చదివామన్న గుర్తు) కూడా ముందుకు జరిగిపోతుంది. ఆ తర్వాత అంతా మామూలే. డిప్లాయ్ చేసినప్పుడల్లా ఓ పదీ ఇరవై ఫిర్యాదులు, మిగతా సమయంలో ఏమీ లేదు. ఇలాంటి బగ్ నెలల తరబడి దొరకదు. షెడ్యూల్డ్ పనులదీ ఇదే కథ. అవి కాంటెక్స్ట్ రిఫ్రెష్డ్ దశలో మొదలవుతాయి, రన్నర్ల కోసం ఆగవు.

అందుకే ఈ పట్టికకు నా ఓటు స్మార్ట్ ఇనిషియలైజింగ్ సింగిల్టన్‌కే. పేరు పెద్దదే గానీ రాయాల్సింది ఒక్క మెథడే. స్ప్రింగ్ 4.1 నుంచి ఉంది. అది నడిచేసరికి బీన్లన్నీ సిద్ధం, ప్రాక్సీలు సిద్ధం, ట్రాన్సాక్షన్లు పని చేస్తాయి. పోర్టు ఇంకా తెరుచుకోలేదు, కాఫ్కా ఇంకా మొదలుకాలేదు. ఎక్సెప్షన్ వస్తే యాప్ లేవదు. ఇన్ని సౌకర్యాలున్నా దీన్ని వాడేవాళ్లు అరుదు. బహుశా ఇంటర్వ్యూల్లో దీన్ని అడగరు కాబట్టి కాబోలు!

యాప్ ఆగేటప్పుడు కూడా వరసగా చేయాల్సిన పనులుంటే స్మార్ట్ లైఫ్‌సైకిల్ తీసుకోండి. ఫేజ్ నంబర్ తక్కువున్నది ముందు లేచి చివర ఆగుతుంది. ఒక కనెక్షన్ తెరిచి ఉంచి, దాన్ని వాడేవాళ్లంతా ఆగాక మూయాలంటే ఇదే సరైన చోటు. మన పట్టికకు అంత అవసరం లేదు.

రన్నర్‌లోనే ఉంచక తప్పదనుకుంటే, కాఫ్కా లిజనర్‌కు ఆటో స్టార్టప్ ఆపేసి, రన్నర్ చివర్లో లిజనర్ రిజిస్ట్రీ ద్వారా మనమే మొదలుపెట్టాలి. పని చేస్తుంది. కాకపోతే రేపు ఇంకొకరు కొత్త లిజనర్ రాసేటప్పుడు అది ఆపడం మర్చిపోతారు.

స్టార్టప్‌లో ఒక్కసారి చదివితే చాలా?

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్‌లు తర్వాత యూబీఐఎన్‌తో మొదలయ్యేవిగా మారాయి. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది పాస్‌బుక్కుల్లో ఆ పాత కోడ్ ఉండేదో చెప్పక్కర్లేదు. పట్టికను యాప్ లేచినప్పుడు మాత్రమే చదివే సర్వీసుకు ఇలాంటి మార్పు అందదు. అంతకంటే ఘోరం ఏమిటంటే పాడ్‌లు ఒకేసారి లేవవు. నిన్న లేచిన పాడ్‌కు కొత్త కోడ్ తెలుసు, పది రోజుల కింద లేచినదానికి తెలియదు. యూజర్ ఒకసారి నొక్కితే 'చెల్లదు', మళ్లీ నొక్కితే 'చెల్లుతుంది'.

కాబట్టి పట్టిక నింపే మెథడ్ ఒక్కటే ఉండాలి, దాన్ని స్టార్టప్‌లోనూ, ఆ తర్వాత గంటకో పూటకో ఒకసారీ పిలవాలి. రెండిటి మధ్యా తేడా ఫెయిలైనప్పుడే. మొదటిసారి ఫెయిలైతే యాప్ ఆగిపోవాలి. తర్వాత ఫెయిలైతే పాత పట్టికతోనే నడుస్తూ అలర్ట్ కొట్టాలి. కొత్తదంతా పక్కన కట్టి, పూర్తయ్యాక రిఫరెన్స్ ఒక్కసారిగా మార్చాలి. ఉన్న మ్యాప్‌ను ఖాళీ చేసి మళ్లీ నింపితే ఆ సందులో వచ్చిన రిక్వెస్టుల గతి పైన చెప్పిందే.

రన్నర్, రెడీ ఈవెంట్: అనుకున్నంత తేడా లేదు

అప్లికేషన్ రెడీ ఈవెంట్ పేరు చూసి 'అప్పటికే యాప్ రెడీ అయిపోయింది, ఇక్కడ ఎంతసేపు పట్టినా పర్వాలేదు' అనుకుంటారు. కాదు. ఈవెంట్ లిజనర్లు మామూలుగా మెయిన్ థ్రెడ్ మీదే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. అవన్నీ అయ్యాకే రెడీనెస్ మారుతుంది. లిజనర్‌లో రెండు నిమిషాల పని పెడితే పాడ్ రెండు నిమిషాల పాటు 'నాట్ రెడీ'గానే ఉంటుంది. ఈ విషయంలో రన్నర్‌కూ దీనికీ తేడా లేదు. రన్నర్‌కు కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లు అందుతాయి, ఆర్డర్ పెట్టుకోవడం తేలిక, ఫెయిలైతే అప్లికేషన్ ఫెయిల్డ్ ఈవెంట్ వస్తుంది. నేను స్టార్టప్‌లో భాగమైన పనికి రన్నర్, లేచాం అని నలుగురికీ చెప్పే పనికి రెడీ ఈవెంట్ వాడతాను. అది అలవాటు మాత్రమే, నియమం కాదు.

వేరే థ్రెడ్ మీదకు పంపితే అప్పుడు రెడీనెస్ ఆగదు. కానీ అక్కడ వచ్చిన ఎక్సెప్షన్ లాగ్‌లో ఒక వరసగా మిగిలిపోతుంది, యాప్ నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అలా పంపదలిస్తే ఒక హెల్త్ ఇండికేటర్ రాసి, దాన్ని రెడీనెస్ గ్రూపులో చేర్చండి. పని పూర్తయ్యేదాకా అది 'డౌన్' అని చెబుతుంది. కొందరు దీనికి బదులు రెడీ ఈవెంట్ లిజనర్‌లో 'ట్రాఫిక్ వద్దు' అనే స్థితిని తామే ప్రకటిస్తారు. ఆ వెంటనే బూట్ తన వంతుగా 'ట్రాఫిక్ తీసుకుంటాను' అని ప్రకటించి దాన్ని చెరిపేస్తుంది.

కాంటెక్స్ట్ రిఫ్రెష్డ్ ఈవెంట్ గురించి ఒక్క మాట చాలు: అది ఒకటికంటే ఎక్కువసార్లు రావచ్చు. మేనేజ్‌మెంట్ పోర్టు వేరుగా పెట్టుకుంటే దానికో చైల్డ్ కాంటెక్స్ట్, స్ప్రింగ్ క్లౌడ్ వాడితే ఇంకొన్ని. ప్రతిదాని రిఫ్రెష్‌కీ ఈవెంట్ వస్తుంది, పేరెంట్‌లోని లిజనర్ దాకా చేరుతుంది. దాన్ని వాడి తీరాలంటే వచ్చిన కాంటెక్స్ట్ మనదేనా అని చూసుకోవాలి. కొత్తగా రాసే కోడ్‌లో దీని అవసరం నాకు కనిపించలేదు.

బయటివాళ్ల మీద ఆధారపడే పని

ఎస్‌ఎంఎస్ గేట్‌వే టోకెన్‌ను స్టార్టప్‌లో తెచ్చుకోవడం చూడటానికి బాగుంటుంది. కానీ గేట్‌వే వాళ్ల సర్వర్ పడిపోయిన రాత్రి మన పాడ్ ఏదో కారణంతో రీస్టార్ట్ అయితే అది ఇక లేవదు. డబ్బు బదిలీకి ఎస్‌ఎంఎస్ లేకపోయినా కొంతసేపు నెట్టుకురావచ్చు. అది లేదని బదిలీలే ఆపేస్తే అసలుకే ఎసరు. ఇంకో మాట: టోకెన్‌కు గడువుంటుంది. అది తీరాక మళ్లీ తెచ్చుకునే కోడ్ ఎలాగూ రాయాలి. ఆ కోడ్ ఉన్నప్పుడు మొదటి ఎస్‌ఎంఎస్ పంపేటప్పుడు తెచ్చుకుంటే పోలా? మొదటి మెసేజ్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఆ ఆలస్యం కూడా వద్దనుకుంటే రెడీ ఈవెంట్‌లో వేరే థ్రెడ్ మీద ఒకసారి ప్రయత్నించి, రాకపోతే వదిలేయండి.

ఇలా 'అవసరమైనప్పుడు' అనే పద్ధతిని యాప్ మొత్తానికి వర్తింపజేసేదే బూట్ 2.2లో వచ్చిన లేజీ ఇనిషియలైజేషన్ సెట్టింగ్. డెవలప్‌మెంట్‌లో హాయి, యాప్ చకచకా లేస్తుంది. ప్రొడక్షన్‌లో మాత్రం తప్పు కాన్ఫిగరేషన్ ఉన్న బీన్ డిప్లాయ్ సమయంలో పట్టుబడకుండా, ఎవరో యూజర్ ఆ పేజీ తెరిచినప్పుడు పట్టుబడుతుంది. అది అర్ధరాత్రి కావచ్చు. ఒకటి రెండు బరువైన బీన్ల మీద విడిగా లేజీ అని రాసుకోవడం వేరు, మొత్తానికి పెట్టడం వేరు.

టేబుళ్ల మార్పు, మెయిల్: ఒక్కసారే జరగాల్సినవి

టేబుళ్ల మార్పులు నడిపే లిక్విబేస్, ఫ్లైవే బూట్‌తో వస్తే బీన్ల తయారీ దశలోనే నడిచేస్తాయి, డేటాబేస్‌తో మాట్లాడే జేపీఏ కంటే ముందే. చిన్న మార్పులకు ఇది చాలు. టేబుల్ పెద్దదై, మార్పుకు నిమిషాలు పట్టేటప్పుడు మొదలవుతుంది టెన్షన్.

జరిగేది ఇదీ. కొత్త పాడ్ లేచి లిక్విబేస్ మొదలుపెడుతుంది. అది డేటాబేస్ చేంజ్‌లాగ్ లాక్ అనే టేబుల్‌లో ఒక వరసలో 'లాక్ నాది' అని రాసి కమిట్ చేస్తుంది. పోర్టు ఇంకా తెరుచుకోలేదు కాబట్టి లైవ్‌నెస్ ప్రోబ్‌కు జవాబు రాదు. ప్రోబ్ డిఫాల్ట్‌గా పది సెకన్లకోసారి అడుగుతుంది, మూడుసార్లు వరసగా జవాబు రాకపోతే క్యూబర్నెటీస్ కంటైనర్‌ను చంపేస్తుంది. అరనిమిషంలో ప్రాసెస్ పోతుంది, లాక్ మాత్రం టేబుల్‌లో అలాగే మిగిలిపోతుంది. మళ్లీ లేచిన కంటైనర్ లాక్ కోసం ఎదురుచూస్తుంది. లిక్విబేస్ డిఫాల్ట్‌గా ఐదు నిమిషాలు ఆగుతుంది. అరనిమిషంలోనే అదీ చస్తుంది. ఇక చక్రం తిరుగుతూనే ఉంటుంది. లాగ్‌లో కనిపించేది 'లాక్ కోసం ఎదురుచూస్తున్నాను' అన్న వరస ఒక్కటే. ఆ టేబుల్‌లో లాక్డ్ బై అనే కాలమ్ చూస్తే ఎప్పుడో చచ్చిపోయిన పాడ్ పేరు ఉంటుంది. లిక్విబేస్‌కు రిలీజ్ లాక్స్ కమాండ్ ఉంది. దాన్ని నడిపే ముందు వేరే ఎవరూ నిజంగా మైగ్రేషన్ చేయడం లేదని చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ మీద ఫ్లైవే అడ్వైజరీ లాక్ వాడుతుంది, కనెక్షన్ తెగితే లాక్ కూడా పోతుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. సగంలో మార్పు ఆగిపోయే బాధ మాత్రం ఉంటుంది.

తక్షణ మందు స్టార్టప్ ప్రోబ్. అది పాసయ్యేదాకా లైవ్‌నెస్ ప్రోబ్ నోరు తెరవదు. పది సెకన్లకోసారి, ముప్పైసార్లు అని పెడితే ఐదు నిమిషాల గడువు దొరుకుతుంది. అసలు మందు, పెద్ద మార్పులను యాప్ స్టార్టప్ నుంచి తీసేసి డిప్లాయ్‌మెంట్‌కు ముందు విడిగా ఒక క్యూబర్నెటీస్ జాబ్‌గా నడపడం. ఇనిట్ కంటైనర్‌లో పెడితే సరిపోతుందని కొందరంటారు, కానీ అది ప్రతి పాడ్‌కూ నడుస్తుంది.

'కొత్త వెర్షన్ లేచింది' మెయిల్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. మూడు పాడ్‌లుంటే మూడు మెయిళ్లు. రాత్రి ఒక పాడ్ మెమరీ చాలక రీస్టార్ట్ అయితే ఇంకో మెయిల్. అది డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్ చేయాల్సిన పని, యాప్‌ది కాదు.

మాడ్యూల్ రాసి వేరేవాళ్లకు ఇచ్చేవాళ్లకు

పది టీమ్‌లు వాడే కామన్ లైబ్రరీ రాస్తున్నారంటే పైన చెప్పిన నిర్ణయాలు మీవి కావు. మీ మాడ్యూల్ పడితే యాప్ లేవాలో వద్దో దాన్ని వాడే టీమ్‌కే తెలుస్తుంది. కాబట్టి స్టార్టప్ పనిని ఒక మామూలు పబ్లిక్ మెథడ్‌గా రాసి, దాన్ని పిలిచే చిన్న బీన్‌ను ఆటో కాన్ఫిగరేషన్‌లో విడిగా పెట్టి, ఒక ప్రాపర్టీతో ఆపుకునే వీలివ్వండి. కన్‌స్ట్రక్టర్‌లోనో పోస్ట్‌కన్‌స్ట్రక్ట్‌లోనో నెట్‌వర్క్ పిలుపు దాచిన లైబ్రరీ వల్ల వచ్చే తలనొప్పి అంతా ఇంతా కాదు. డిపెండెన్సీ చేర్చిన పాపానికి టెస్టులన్నీ టైమౌట్ కొడతాయి.

టెస్టుల మాటొచ్చింది కాబట్టి: స్ప్రింగ్ బూట్ టెస్ట్ యానొటేషన్‌తో రాసిన టెస్టుల్లో రన్నర్లూ రెడీ ఈవెంట్ లిజనర్లూ నిజంగానే నడుస్తాయి. గేట్‌వేను పిలిచే రన్నర్ ఉంటే బిల్డ్ సర్వర్ నుంచి ఆ పిలుపు వెళుతుంది. కండిషనల్ ఆన్ ప్రాపర్టీ పెట్టి టెస్ట్ ప్రొఫైల్‌లో ఆపేయండి.

ఏది ఎంతసేపు తింటుందో ఊహించకుండా కొలవండి. లాగ్‌లో 'ఇన్ని సెకన్లలో స్టార్ట్ అయింది' అని వచ్చే వరస రన్నర్ల కంటే ముందు పడుతుంది, వాటి సమయం అందులో ఉండదు. బూట్ 2.6 నుంచి అప్లికేషన్ స్టార్టెడ్ టైమ్, అప్లికేషన్ రెడీ టైమ్ అనే రెండు మెట్రిక్స్ విడివిడిగా దొరుకుతాయి. వాటి మధ్య తేడాయే రన్నర్ల ఖర్చు. ఏ బీన్ దగ్గర ఆగుతోందో కావాలంటే 2.4 నుంచి ఉన్న బఫరింగ్ అప్లికేషన్ స్టార్టప్‌ను పెట్టి యాక్చువేటర్ స్టార్టప్ ఎండ్‌పాయింట్ చూడండి. అన్నీ సరిగ్గా పెట్టాక కూడా మొదటి రిక్వెస్ట్ నిదానంగా ఉంటే డిస్పాచర్ సర్వ్‌లెట్‌ను అనుమానించండి. అది మామూలుగా మొదటి రిక్వెస్ట్ వచ్చినప్పుడే తయారవుతుంది. లోడ్ ఆన్ స్టార్టప్ విలువను 1 చేస్తే ముందే తయారై కూర్చుంటుంది.